సుంకాల విధానంపై తయారీ పరిశ్రమల సంఘాల లాబీయింగ్

నిర్వచనం, పరిధి

వస్తువులు తయారుచేసే సంస్థలు ఉమ్మడి ప్రయోజనాల కోసం ఏర్పరచుకున్న సంఘాలు, దిగుమతి సుంకాల రేట్లను, వాణిజ్య ఒప్పందాల షరతులను, విదేశీ సరకుపై విధించే ప్రత్యేక సుంకాలను తమకు అనుకూలంగా మార్పించుకోవడానికి చట్టసభ సభ్యుల వద్ద, మంత్రిత్వ శాఖల వద్ద, విచారణ సంస్థల వద్ద క్రమబద్ధంగా సాగించే ప్రయత్నాన్ని సుంకాల లాబీయింగ్ అంటారు. వినతిపత్రాలు సమర్పించడం, కమిటీల ముందు సాక్ష్యం చెప్పడం, బిల్లులకు సవరణలు రాసి ఇవ్వడం, గణాంకాలు సమకూర్చడం, ఎన్నికల నిధికి విరాళాలు ఇవ్వడం, నియోజకవర్గాల్లో కార్మికులను, స్థానిక పత్రికలను కదిలించడం వంటివన్నీ ఇందులో భాగాలు. లంచమిచ్చి పని చేయించుకోవడం దీని పరిధిలోకి రాదు. అయితే ఈ రెండింటికీ మధ్య హద్దు ఎక్కడన్నది ఈ రంగం చరిత్ర పొడవునా వివాదాస్పదంగానే ఉంది.

విదేశం నుంచి వచ్చే వస్తువుపై సరిహద్దు వద్ద వసూలుచేసే పన్ను దిగుమతి సుంకం. వస్తువు విలువలో ఇంత శాతమని నిర్ణయిస్తే అది విలువ ఆధారిత సుంకం. కిలోకో, గజానికో, టన్నుకో ఇంత అని నిర్ణయిస్తే పరిమాణ సుంకం. ప్రభుత్వ ఆదాయం కోసం కాక స్వదేశీ ఉత్పత్తిదారును విదేశీ పోటీనుంచి కాపాడడానికి విధించేది రక్షణ సుంకం. లాబీయింగ్ ప్రధానంగా ఈ రక్షణ సుంకాల చుట్టూ తిరుగుతుంది.

ఈ వ్యాసం ప్రధానంగా అమెరికా సంయుక్త రాష్ట్రాల అనుభవాన్ని పరిశీలిస్తుంది. అక్కడ రాజ్యాంగం సుంకాలు విధించే అధికారాన్ని చట్టసభ అయిన కాంగ్రెస్‌కే ఇచ్చింది. 1791లో చేరిన మొదటి సవరణ ప్రభుత్వానికి విన్నవించుకునే హక్కును పౌరులకు హామీ ఇచ్చింది. కాబట్టి అక్కడ ఈ వ్యవహారం బహిరంగంగా సాగి, రికార్డుల్లోకి ఎక్కింది. మాంచెస్టర్ మిల్లుల ఒత్తిడికి లోబడిన వలస పాలననాటి భారత సుంకాల విధానం, నేటి భారతదేశపు పద్ధతి వేరువేరు భాగాల్లో ఉన్నాయి.

సైద్ధాంతిక నేపథ్యం

రక్షణ సుంకం వల్ల కలిగే లాభం కొద్దిమంది ఉత్పత్తిదారుల వద్ద పోగుపడుతుంది. దాని భారం కోట్లాది కొనుగోలుదారులపై కొద్దికొద్దిగా పడుతుంది. పంచదార ధర కిలోకు స్వల్పంగా పెరిగితే ఏ గృహస్థుడూ రాజధానికి ప్రయాణమై వెళ్ళడు. అదే పెరుగుదల మిల్లు యజమానికి కోట్లలో ఆదాయం కాబట్టి అతడు తప్పక వెళతాడు. చిన్న సమూహాలు సులువుగా సంఘటితమవుతాయని, పెద్ద సమూహాల్లో ప్రతివాడూ ఆ శ్రమ ఇంకొకరు పడితే చాలునని ఊరుకుంటాడని మాన్‌సర్ ఓల్సన్ 1965లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. జీన్ గ్రాస్‌మన్, ఎల్హానన్ హెల్ప్‌మన్ 1994లో ప్రచురించిన నమూనాలో, ప్రభుత్వం ప్రజాసంక్షేమాన్నీ పారిశ్రామిక వర్గాలు ఇచ్చే విరాళాలనూ ఒకే త్రాసులో తూచి సుంకాలు నిర్ణయిస్తుందని ప్రతిపాదించారు.

ఉత్పత్తి పెంచకుండా ప్రభుత్వ నిర్ణయాల ద్వారా దక్కే అదనపు లాభం కోసం వనరులు వెచ్చించడాన్ని అర్థశాస్త్రంలో అద్దె వేట అంటారు. ఈ భావనను గార్డన్ టల్లాక్ 1967లో వివరించగా, దానికి పేరుపెట్టిన ఆన్ క్రూగర్ 1974 నాటి వ్యాసంలో భారతదేశాన్నే ఉదాహరణగా తీసుకుంది. 1964లో లైసెన్సులు, కోటాల వల్ల పుట్టిన ఇటువంటి అదనపు ఆదాయాల విలువ భారత జాతీయాదాయంలో 7.3 శాతమని ఆమె లెక్కకట్టింది.

ఈ సిద్ధాంతాలు వాస్తవంలో సగాన్నే పట్టుకుంటాయి. సుంకం భరించేవాడు ఎప్పుడూ అసంఘటిత వినియోగదారుడే కానక్కరలేదు. ఒక పరిశ్రమ అమ్మే సరకు మరొక పరిశ్రమకు ముడిసరకు అయినప్పుడు ఇరువైపులా సంఘాలే ఉంటాయి. సుంకాల లాబీయింగ్‌లోని ఘర్షణల్లో ఎక్కువ భాగం ఈ రెండు రకాల తయారీదారుల మధ్యనే జరిగింది.

అమెరికాలో తొలి దశ: 1789–1913

కొత్త రాజ్యాంగం కింద సమావేశమైన మొదటి కాంగ్రెస్‌కు 1789 ఏప్రిల్‌లో బాల్టిమోర్ నగరపు చేతివృత్తుల వారు, తయారీదారులు కలిసి ఒక వినతిపత్రం పంపి, విదేశీ సరకుపై సుంకం విధించి స్వదేశీ తయారీని ప్రోత్సహించమని కోరారు. అదే ఏడాది జూలై 4న అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ సంతకం చేసిన సుంకాల చట్టం ఆ కాంగ్రెస్ చేసిన రెండవ చట్టం. 1791లో ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ సమర్పించిన తయారీ పరిశ్రమల నివేదిక, బాల్య దశలో ఉన్న పరిశ్రమలకు ప్రభుత్వ ఆసరా అవసరమన్న వాదనకు పునాది వేసింది. ఆ తరువాత వచ్చిన ప్రతి సంఘమూ ఈ వాదననే ఏదో ఒక రూపంలో వినిపించింది. పరిశ్రమలు వయసు మీరిన తరువాత కూడా వినిపించింది.

1827లో పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్‌లో రక్షణవాదులు జరిపిన మహాసభ ఆ మరుసటి ఏటి సుంకాల చట్టానికి దారితీసింది. ఎగుమతులపై ఆధారపడిన దక్షిణాది రాష్ట్రాలు ఆ చట్టాన్ని అసహ్యపు సుంకమని పేరుపెట్టి వ్యతిరేకించాయి. శాశ్వత కార్యాలయం, జీతగాడైన కార్యదర్శి, సొంత పత్రిక గల సంఘాలు అంతర్యుద్ధ కాలంలో రూపుదిద్దుకున్నాయి. 1864లో ఉన్ని వస్త్ర తయారీదారుల జాతీయ సంఘం ఏర్పడింది. 1855లో పుట్టిన ఇనుము సంఘం 1864లో అమెరికన్ ఐరన్ అండ్ స్టీల్ అసోసియేషన్‌గా మారింది.

ఉన్ని సంఘం చేసిన పని తరువాతి తరాలకు నమూనా అయింది. గొర్రెల పెంపకందారులు పచ్చి ఉన్నిపై సుంకం కావాలంటారు. మిల్లులకు పచ్చి ఉన్ని చౌకగా కావాలి. ఈ వైరుధ్యాన్ని కాంగ్రెస్ దాకా రానివ్వకుండా, 1865లో సిరక్యూస్‌లో రెండు వర్గాల ప్రతినిధులూ సమావేశమై రాజీకి దారి వేసుకున్నారు. ఉన్నిపై సుంకం ఉంటుంది. దాని భారం మిల్లుకు తిరిగి రాబట్టుకునేలా వస్త్రంపై పౌనుకు ఇంత అని పరిహార సుంకం ఉంటుంది. ఆపైన అసలు రక్షణగా విలువపై కొంత శాతం ఉంటుంది. ఇలా రెండు వర్గాలూ కుదుర్చుకున్న పట్టికను 1867 చట్టంలో కాంగ్రెస్ దాదాపు యథాతథంగా ఆమోదించింది. పోరాడే రెండు పక్షాలూ సర్దుకోగా బరువు కోటు కొనేవాడి మీద పడింది. అతడికి సిరక్యూస్‌లో ప్రతినిధి లేడు.

1895లో సిన్సినాటిలో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ మాన్యుఫాక్చరర్స్ ఏర్పడింది. నేటికీ అమెరికా తయారీ రంగంలో విస్తృత సభ్యత్వం గల ప్రధాన సంఘం ఇదే. 1913లో డెమొక్రాట్లు సుంకాల తగ్గింపు బిల్లు తెచ్చినప్పుడు అధ్యక్షుడు వుడ్రో విల్సన్ వాషింగ్టన్ నిండా లాబీయిస్టులు చేరారని మే 26న బహిరంగ ప్రకటన చేయడంతో సెనేట్ విచారణకు ఆదేశించింది. ఈ సంఘం తరఫున పనిచేసిన ఒక మాజీ ఏజెంటు తన కార్యకలాపాలను అదే ఏడాది పత్రికలో వెల్లడించడం ఆ విచారణను మరింత వేడెక్కించింది. తగ్గింపు బిల్లు ఆమోదం పొందింది. ఆ ఏడాదే ఆదాయపు పన్నుకు రాజ్యాంగ ఆధారం ఏర్పడటంతో, సుంకాలు ఖజానాకు ప్రధాన ఆధారంగా ఉన్న కాలం ముగిసింది. అప్పటినుంచి సుంకాన్ని సమర్థించేవారు ప్రభుత్వ ఆదాయం పేరు చెప్పుకునే అవకాశం తగ్గి, రక్షణ అన్న ఒక్క ప్రాతిపదికపైనే వాదించవలసి వచ్చింది.

స్మూట్–హాలీ చట్టం, 1930

సెనేటర్ రీడ్ స్మూట్, ప్రతినిధి విల్లిస్ హాలీ పేర్లతో ప్రసిద్ధమైన 1930 సుంకాల చట్టం వ్యవసాయదారులకు ఊరటనివ్వాలన్న లక్ష్యంతో మొదలై, 20,000కు పైగా వస్తువుల సుంకాలను స్పృశించే చట్టంగా ముగిసింది. ఆ కాలంలో ప్రతి వస్తువు రేటునూ కాంగ్రెస్సే చట్టంలో రాసేది. కనుక ప్రతి వస్తువు తయారీదారుడూ ప్రతినిధుల సభలోని వేస్ అండ్ మీన్స్ కమిటీ ముందు బారులు తీరాడు. పన్నులు, సుంకాలకు సంబంధించిన బిల్లులన్నీ ఈ కమిటీలోనే పుట్టాలి. 1929లో అది జరిపిన విచారణల సాక్ష్యాలు సుమారు 11,000 పుటలకు చేరాయి. ఒక సభ్యుడు తన జిల్లాలోని సరకుపై సుంకానికి ఓటు సంపాదించుకోవడానికి మరొకరి జిల్లాలోని సరకుకు ఓటు వేసే ఇచ్చిపుచ్చుకోలు పద్ధతి ఈ బిల్లులో పరాకాష్ఠకు చేరింది.

ఈ సందర్భంలోని రెండు ఉదంతాలు తయారీదారుల సంఘాలకు నేరుగా సంబంధించినవి. కనెక్టికట్ సెనేటర్ హైరమ్ బింగమ్, తన రాష్ట్రపు తయారీదారుల సంఘంలో జీతం తీసుకుంటున్న ఉద్యోగిని సెనేట్ ఉద్యోగుల జాబితాలో చేర్చుకుని, సుంకాల రేట్లు నిర్ణయించే రహస్య సమావేశాలకు తన వెంట తీసుకువెళ్ళాడు. సెనేట్ 1929 నవంబర్ 4న 54–22 ఓట్లతో ఆయనను అభిశంసించింది. పెన్సిల్వేనియా తయారీదారుల సంఘానికి చిరకాలం అధ్యక్షుడుగా ఉండి, సుంకాల పెంపు కోసం వాషింగ్టన్‌లో మకాం వేసిన జోసెఫ్ గ్రండీ, లాబీయింగ్‌పై సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యమిచ్చిన కొద్ది వారాలకే, 1929 డిసెంబర్‌లో, ఖాళీ అయిన సీటుకు గవర్నరు నియమించగా స్వయంగా సెనేటర్ అయ్యాడు. గడప బయట నిలబడి విన్నవించుకున్న వ్యక్తి అదే బిల్లుపై లోపల ఓటు వేశాడు. మరుసటి ఏడాది పార్టీ ప్రాథమిక ఎన్నికలో ఓడిపోయాడు.

ఈ బిల్లును తిరస్కరించమని 1,028 మంది ఆర్థికవేత్తలు అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్‌కు విజ్ఞప్తి చేశారు. సెనేట్‌లో 44–42 ఓట్లతో గట్టెక్కిన బిల్లుపై హూవర్ 1930 జూన్ 17న సంతకం చేశాడు. కెనడాతోపాటు పలు దేశాలు ప్రతీకార సుంకాలు విధించాయి. మహామాంద్యానికి ఈ చట్టం కారణమా, లేక దాన్ని మరింత తీవ్రం చేసిన అంశాల్లో ఒకటి మాత్రమేనా అన్న విషయంలో రెండవదే అధిక సంఖ్యాకుల అభిప్రాయం. ఈ చట్ట నిర్మాణంపై ఇ.ఇ. షాట్‌ష్నైడర్ 1935లో ప్రచురించిన గ్రంథం, లాబీయింగ్‌ను రాజనీతిశాస్త్రంలో పరిశోధనాంశంగా నిలబెట్టింది. సుంకాన్ని కోరేవారు గట్టిగా మాట్లాడారని, నష్టపోయేవారిలో అనేకులు తమకూ ఏదో ఒక సుంకం దక్కుతుందన్న ఆశతో మౌనంగా ఉండిపోయారని ఆయన పరిశీలన.

అధికార బదిలీ: కాంగ్రెస్ నుంచి కార్యనిర్వాహక శాఖకు

1934లో చేసిన పరస్పర వాణిజ్య ఒప్పందాల చట్టం, ఇతర దేశాలతో బేరమాడి సుంకాలను 50 శాతం వరకు తగ్గించే అధికారాన్ని అధ్యక్షుడికి అప్పగించింది. రేట్ల పట్టిక కాంగ్రెస్ చేతిలోంచి జారిపోగానే, ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క సభ్యుడిని పట్టుకునే పాత పద్ధతికి పట్టు పోయింది. ఎగుమతి చేసే పరిశ్రమలకు సుంకాలు తగ్గించుకోవడం లాభమైంది గనుక తగ్గింపు పక్షానా సంఘాలు నిలిచాయి.

అయినా దారులు మూసుకుపోలేదు, వేరేచోట తెరుచుకున్నాయి. 1962 వాణిజ్య విస్తరణ చట్టంలోని 232వ సెక్షన్, దిగుమతుల వల్ల జాతీయ భద్రతకు ముప్పు ఉందని ప్రభుత్వ విచారణలో తేలితే వాటిని కట్టడిచేసే అధికారం అధ్యక్షుడికి ఇచ్చింది. 1974 వాణిజ్య చట్టంలోని 201వ సెక్షన్ కింద, దిగుమతులు ఒక్కసారిగా వెల్లువెత్తి స్వదేశీ పరిశ్రమ తీవ్రంగా నష్టపోతే తాత్కాలిక రక్షణ సుంకం కోరవచ్చు. 301వ సెక్షన్ కింద, విదేశాల అన్యాయపు పద్ధతులపై ప్రతిచర్య కోరవచ్చు. అదే చట్టం పరిశ్రమల ప్రతినిధులతో సలహా సంఘాలను ఏర్పరచింది. వాటి సభ్యులు ఒప్పందాల చర్చలు సాగుతుండగానే బయటికి రాని ముసాయిదాలను చూడగలుగుతారు.

ప్రతి పరిశ్రమా ఒప్పందాలకు అడ్డుపడిందనుకోరాదు. మద్దతుకు ధర పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. 1962 చట్టం నెగ్గడానికి నూలు వస్త్ర పరిశ్రమ మద్దతు అవసరమైన కెనడీ ప్రభుత్వం ఆ దిగుమతులపై పరిమితులు విధించే అంతర్జాతీయ ఏర్పాటుకు పూనుకుంది. ఆ ఏర్పాటే విస్తరించి 1974లో బహుళ తంతు ఒప్పందమై, దాని కింద వచ్చిన కోటాలు 2005 జనవరి 1 వరకు భారతదేశం వంటి దేశాల వస్త్ర ఎగుమతులను శాసించాయి.

డంపింగ్ నిరోధక విచారణ

విదేశీ ఉత్పత్తిదారు తన దేశంలో అమ్మే ధరకంటే తక్కువకు ఎగుమతి చేయడాన్ని డంపింగ్ అంటారు. అలాంటి సరకుపై ధరల తేడాకు సమానంగా విధించేది డంపింగ్ నిరోధక సుంకం. విదేశీ ప్రభుత్వ సబ్సిడీకి విరుగుడుగా విధించేది ప్రతిసంతులన సుంకం. అమెరికాలో డంపింగ్ జరిగిందా, ఎంత శాతం అన్నది వాణిజ్య శాఖ నిర్ధారిస్తుంది. దానివల్ల స్వదేశీ పరిశ్రమకు హాని కలిగిందా అన్నది అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ తేలుస్తుంది. కమిషన్‌లో ఆరుగురు సభ్యులు తొమ్మిదేళ్ళ కాలానికి నియమితులవుతారు. ఒకే పార్టీవారు ముగ్గురికి మించరాదు. ఓట్లు సమానంగా చీలితే తీర్పు ఫిర్యాదుదారుకే అనుకూలం.

పరిశ్రమ సంఘాలకు ఇక్కడ చట్టరీత్యానే ప్రాధాన్యం ఉంది. ఫిర్యాదును సమర్థించేవారి వాటా దేశంలో ఆ వస్తువు మొత్తం ఉత్పత్తిలో కనీసం 25 శాతం ఉండాలి. అభిప్రాయం తెలిపిన ఉత్పత్తిదారుల ఉత్పత్తిలో సగానికి మించి ఉండాలి. ఒంటరి కర్మాగారానికి ఈ మెట్టు ఎక్కడం కష్టం. ఇక్కడ లాబీయిస్టు కంటే వాణిజ్య న్యాయవాదికి, లెక్కల నిపుణుడికి పని ఎక్కువ. సెనేటర్లు తమ నియోజకవర్గ పరిశ్రమ తరఫున కమిషన్ ముందుకు వచ్చి మాట్లాడడమూ మామూలే.

2000 సంవత్సరంలో చేసిన బర్డ్ సవరణ, ఇలా వసూలైన సుంకాన్ని ఖజానాకు కాక ఫిర్యాదును సమర్థించిన సంస్థలకే పంచాలని నిర్దేశించింది. ఫిర్యాదు చేస్తే రక్షణతోపాటు రొక్కమూ చేతికొచ్చే ఈ ఏర్పాటు నిబంధనలకు విరుద్ధమని ప్రపంచ వాణిజ్య సంస్థ 2003లో తేల్చింది. 2006లో దాని రద్దుకు చట్టం వచ్చినా, 2007 అక్టోబర్‌కు ముందు దిగిన సరకు సుంకాలకు అది వర్తిస్తూనే వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌కు ఈ యంత్రాంగంతో ప్రత్యక్ష అనుభవం ఉంది. 2003 డిసెంబర్ 31న అమెరికా దక్షిణ తీరపు రొయ్యల పరిశ్రమ కూటమి భారత్ సహా ఆరు దేశాలపై డంపింగ్ ఫిర్యాదు చేయగా, 2005 ఫిబ్రవరిలో సుంకాలు అమలులోకి వచ్చాయి. భారత ఎగుమతిదారుల్లో ఎక్కువమందికి అది సుమారు 10 శాతం. 2012 డిసెంబర్‌లో దాఖలైన సబ్సిడీ ఫిర్యాదు 2013లో కమిషన్‌లో వీగిపోయింది. 2023లో అక్కడి రొయ్యల ప్రాసెసింగ్ సంస్థల సంఘం మళ్ళీ ఫిర్యాదు చేసి ఈసారి నెగ్గడంతో, 2024 చివర భారత రొయ్యలపై సుమారు 5.8 శాతం ప్రతిసంతులన సుంకం పడింది. 2025 ఆగస్టులో భారత సరకుపై అమెరికా అదనపు సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు ఈ పాత సుంకాలు వాటికి తోడయ్యాయి. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే కనుక, అమెరికా దక్షిణ తీరంలో ఒక సంఘం వేసే ఫిర్యాదు భీమవరం చెరువుగట్టు మీది ధరను కదిలిస్తుంది.

పద్ధతులు

సంఘాల రోజువారీ పని నాలుగు గోడల మధ్య, కాగితాల మీద జరుగుతుంది. వేస్ అండ్ మీన్స్ కమిటీ, సెనేట్ ఫైనాన్స్ కమిటీల సిబ్బందితో సంబంధాలు నెరపడం, బిల్లులోని ఒక వాక్యాన్నో, సుంకాల పట్టికలోని ఒక సంఖ్యనో సరిచేయించడం వీటిలో ముఖ్యం. ఏడాదికోసారి సభ్య సంస్థల యజమానులను వాషింగ్టన్‌కు రప్పించి, ఎవరి జిల్లా సభ్యుడి దగ్గరకు వారిని పంపడం మరొక పద్ధతి. ఫలానా జిల్లాలో ఇన్ని ఉద్యోగాలు అన్న లెక్కే ఈ సమావేశాల్లో ప్రధాన ఆయుధం. రెండు సభల్లోనూ పార్టీలకు అతీతంగా ఒక పరిశ్రమకు మద్దతుగా సభ్యులు ఏర్పరచుకునే బృందాలను కాకస్ అంటారు. ప్రతినిధుల సభలోని ఉక్కు కాకస్ 1970ల నుంచి ఉంది.

దేశంలో తయారుకాని ముడిసరకులపై సుంకాన్ని తాత్కాలికంగా ఎత్తివేసే చట్టాన్ని చిల్లర సుంకాల బిల్లు అంటారు. ఒక్కొక్క సంస్థ కోసం ఒక్కొక్క సభ్యుడు బిల్లు ప్రవేశపెట్టే ఆనవాయితీపై విమర్శలు రావడంతో, 2016లో చేసిన చట్టం ఆ దరఖాస్తులను ముందుగా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కే పంపేలా మార్చింది. ఆ పద్ధతిలో 2018లో వచ్చిన మినహాయింపులు 2020 డిసెంబర్ 31తో ముగిశాయి. వాటి పునరుద్ధరణ నేషనల్ అసోసియేషన్ ఆఫ్ మాన్యుఫాక్చరర్స్ కోర్కెల జాబితాలో అప్పటినుంచి కొనసాగుతోంది.

ప్రభుత్వోద్యోగం, పరిశ్రమల కొలువు మధ్య వ్యక్తుల రాకపోకలూ ప్రభావ మార్గమే. రీగన్ హయాంలో ఉప వాణిజ్య ప్రతినిధిగా పనిచేసిన రాబర్ట్ లైట్‌హైజర్, ఆ తరువాత చాలా ఏళ్ళు ఉక్కు కంపెనీల తరఫున వాణిజ్య కేసులు వాదించి, 2017–21 మధ్య ప్రధాన వాణిజ్య ప్రతినిధి అయ్యాడు. ఇటువంటి నియామకాలను కొందరు అనుభవానికి దక్కిన గుర్తింపుగా, మరికొందరు ప్రయోజనాల సంఘర్షణగా చూస్తారు.

సంఘాల మధ్య చీలిక: ఉక్కు సుంకాలు

తయారీ రంగం ఒకే గొంతుతో మాట్లాడదనడానికి ఉక్కుకు మించిన నిదర్శనం లేదు. ఉక్కు తయారుచేసే మిల్లులు ఒక పక్షం. ఉక్కు కొని బోల్టులు, డబ్బాలు, కారు భాగాలు చేసే కర్మాగారాలు మరొక పక్షం. మొదటి పక్షంలో సంస్థలు కొద్ది, పెద్దవి. కార్మిక సంఘమైన యునైటెడ్ స్టీల్ వర్కర్స్ వాటికి తోడు నిలుస్తుంది. రెండవ పక్షంలో సంస్థలు చాలా ఎక్కువ, చిన్నవి, చెల్లాచెదురుగా ఉన్నవి.

2002 మార్చిలో అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ 201వ సెక్షన్ కింద ఉక్కుపై 30 శాతం వరకు సుంకం విధించినప్పుడు, వినియోగ పరిశ్రమల కూటమి ఒకటి ధరలు పెరిగి తమ ఉద్యోగాలు పోతున్నాయని ప్రచారానికి దిగింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికా ఓడిపోవడం, ఐరోపా సమాఖ్య ప్రతీకార సుంకాలకు సిద్ధపడడం తోడై, గడువు తీరకముందే 2003 డిసెంబర్‌లో ఆ సుంకాలను ఎత్తివేశారు.

2018 మార్చిలో డొనాల్డ్ ట్రంప్ 232వ సెక్షన్ కింద ఉక్కుపై 25 శాతం, అల్యూమినియంపై 10 శాతం విధించాడు. అమెరికన్ ఐరన్ అండ్ స్టీల్ ఇన్‌స్టిట్యూట్ స్వాగతించింది. లోహాలు వాడే తయారీదారులు వేరే కూటమి కట్టి వ్యతిరేకించారు. అల్యూమినియంలో చీలిక ఇంకా లోతైనది: ముడిలోహం కరిగించేవారి సంఘం సుంకాన్ని కోరింది, రేకులు, తీగలు చేసే సంస్థలకు ప్రాతినిధ్యం వహించే అల్యూమినియం అసోసియేషన్ అన్ని దేశాలనూ ఒకే గాటకట్టవద్దని వాదించింది. దేశంలో దొరకని రకాల లోహానికి మినహాయింపు కోరే పద్ధతి పెట్టడంతో వాణిజ్య శాఖకు లక్షల్లో దరఖాస్తులు వచ్చాయి. ప్రతి దరఖాస్తుపై దేశీయ మిల్లులు అభ్యంతరం తెలపవచ్చు గనుక, అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య తగవు ప్రభుత్వ కార్యాలయంలో వస్తువువారీగా సాగింది.

2025లో ఈ క్రమం తిరగబడింది. ఫిబ్రవరిలో కొత్త మినహాయింపులను నిలిపివేశారు. జూన్ 4 నుంచి రేటును చాలా దేశాలపై 50 శాతానికి పెంచారు. లోహంతో చేసిన ఇతర వస్తువులనూ సుంకం పరిధిలో చేర్చమని తయారీదారులు, సంఘాలు దరఖాస్తు చేసుకునే వెసులుబాటు కల్పించారు. ఆగస్టులో ఒకే విడతలో 407 వస్తు శ్రేణులు జాబితాలో చేరాయి. ఒకప్పుడు సుంకం నుంచి తప్పించుకోవడానికి క్యూ కట్టిన రంగాల్లోంచే, పోటీదారుడి సరకుపై సుంకం పడేలా చూడమనే దరఖాస్తులు రాసాగాయి.

మాంచెస్టర్, భారత నూలు సుంకాలు

సుంకాల లాబీయింగ్ వలస దేశంపై ఎలా పనిచేసిందో చూపే ఉదాహరణ ల్యాంకషైర్ నూలు పరిశ్రమది. భారత ప్రభుత్వం ఆదాయం కోసం విధించిన 5 శాతం వస్త్ర సుంకం బొంబాయి మిల్లులకు రక్షణగా పనిచేస్తోందని, దాన్ని ఎత్తివేయాలని మాంచెస్టర్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ 1874లో భారత వ్యవహారాల మంత్రికి మహజరు పంపింది. ల్యాంకషైర్ స్థానాల ఓట్లు ఇరు పార్టీలకూ కీలకం. బొంబాయికి పార్లమెంటులో ఓటే లేదు. 1877లో కామన్స్ సభ ఆ సుంకాలకు వ్యతిరేకంగా తీర్మానించింది. 1879లో వైస్రాయి లిట్టన్ తన మండలిలోని అధిక సంఖ్యాకుల అభిప్రాయాన్ని కాదని ముతక వస్త్రాలపై సుంకాన్ని తొలగించాడు. 1882లో మిగిలినవీ పోయాయి. 1894లో ఖజానా లోటువల్ల సుంకాలు మళ్ళీ తేవలసి వచ్చినప్పుడు, ల్యాంకషైర్‌ను శాంతింపజేయడానికి భారత మిల్లుల ఉత్పత్తిపైనా ఎక్సైజు విధించారు. 1896లో దిగుమతి వస్త్రంపైనా, దేశీయ మిల్లు వస్త్రంపైనా 3.5 శాతంగా స్థిరపరిచారు. సొంత పరిశ్రమపై విదేశీ పోటీదారు కోరికమేరకు వేసిన ఈ పన్ను జాతీయోద్యమంలో పెద్ద ఫిర్యాదైంది. 1925 చివరిలో దీనిని నిలిపివేసి, మరుసటి ఏడాది రద్దుచేశారు.

1933లో బొంబాయి మిల్లు యజమానుల సంఘం అధ్యక్షుడు హెచ్.పి. మోదీ, ల్యాంకషైర్ ప్రతినిధివర్గ నాయకుడు విలియం క్లేర్-లీస్ నేరుగా ఒడంబడిక కుదుర్చుకున్నారు. సుంకాలపై రెండు ప్రభుత్వాల మధ్య కుదరవలసిన ఒప్పందాన్ని రెండు సంఘాలే రాసుకోవడం భారత వాణిజ్య వర్గాల్లో తీవ్ర విమర్శకు గురైంది.

నేటి భారతదేశం

భారతదేశంలో సుంకాల రేట్లు 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం కింద ఉన్నా, 1962 కస్టమ్స్ చట్టంలోని 25వ సెక్షన్ ద్వారా ఆర్థిక శాఖ నోటిఫికేషన్‌తోనే మినహాయింపులు ఇవ్వగలదు. అందువల్ల సంఘాల విన్నపాలు పార్లమెంటు సభ్యులకంటే ఎక్కువగా మంత్రులకు, అధికారులకు చేరతాయి. 1920 నాటి అసోచామ్, 1927లో ఏర్పడిన ఫిక్కీ, 1895 నాటి ఇంజనీరింగ్ సంఘంలో మూలాలున్న సీఐఐతోపాటు వాహనాలు, విడిభాగాలు, ఉక్కు, ఎలక్ట్రానిక్స్, ఔషధాల సంఘాలు ఏటా బడ్జెట్‌కు ముందు వినతిపత్రాలు ఇస్తాయి. ముడిసరకుపై సుంకం ఎక్కువగా, తయారైన వస్తువుపై తక్కువగా ఉండే విలోమ సుంక నిర్మాణాన్ని సరిదిద్దమన్నది వీటిలో తరచుగా కనిపించే కోరిక. మొబైల్ ఫోన్లపై సుంకం 2018 బడ్జెట్‌లో 20 శాతానికి పెరిగి, విడిభాగాల ఖర్చు తగ్గించమని పరిశ్రమ చాలాకాలం కోరిన మీదట 2024 జూలైలో ఫోన్లకూ, కొన్ని భాగాలకూ 15 శాతానికి తగ్గింది.

డంపింగ్, రక్షణ సుంకాల విచారణలను వాణిజ్య శాఖ కింద 2018లో ఏర్పడిన డీజీటీఆర్ జరుపుతుంది. దాని సిఫారసును అంగీకరించడమా, మానడమా అన్నది ఆర్థిక శాఖ ఇష్టం. ఇండియన్ స్టీల్ అసోసియేషన్ దరఖాస్తుపై విచారణ అనంతరం 2025 ఏప్రిల్ 21 నుంచి 200 రోజులకు ఉక్కు పలకలు, రేకులపై 12 శాతం తాత్కాలిక సుంకం విధించారు. ఇంజనీరింగ్ వస్తువులు చేసే చిన్న సంస్థలు దీనిపై అభ్యంతరం తెలిపాయి. అమెరికాలో 2002లో, 2018లో కనిపించిన చీలికే ఇక్కడా కనిపించింది.

నియంత్రణ, పారదర్శకత

అమెరికాలో 1946 నాటి మొదటి లాబీయింగ్ నియంత్రణ చట్టం బలహీనమైనదిగా తేలగా, 1995లో వెల్లడి చట్టం వచ్చింది. 2007 సవరణ తరువాత సంఘాలు మూడు నెలలకోసారి తాము చేసిన ఖర్చు, సంప్రదించిన సంస్థలు, ప్రస్తావించిన అంశాలు నమోదు చేయాలి. వాణిజ్యానికి ‘టీఆర్‌డీ’, చిల్లర సుంకాల బిల్లులకు ‘టీఏఆర్’ అని వేరువేరు సంకేతాలు ఉన్నాయి. ఎవరెవరిని కలిశారన్నది వ్యక్తుల పేర్లతో చెప్పనక్కరలేదు. ప్రజల ద్వారా ఒత్తిడి తెప్పించే ప్రచారపు ఖర్చు ఈ చట్టం లెక్కలోకి రాదు. 1993లో చేసిన చట్టం వల్ల లాబీయింగ్ ఖర్చుకు పన్ను మినహాయింపు లేదు; సభ్యత్వ రుసుములో ఎంత భాగం అందుకు పోయిందో సంఘం సభ్యులకు తెలపాలి.

భారతదేశంలో ఇలాంటి చట్టం లేదు. 2013లో లోక్‌సభలో లాబీయింగ్ వివరాల వెల్లడి కోసం ప్రైవేటు సభ్యుని బిల్లు ప్రవేశపెట్టినా అది చట్టం కాలేదు. డీజీటీఆర్ విచారణల్లో దాఖలయ్యే పత్రాల బహిరంగ ప్రతులు కక్షిదారులు చూడవచ్చు. బడ్జెట్‌కు ముందు ఇచ్చే వినతిపత్రాలను మాత్రం ప్రచురించాలన్న చట్టబద్ధమైన నిబంధన లేదు. ఏ సంఘం ఏ రేటు కోరిందో ఆ సంఘం తనంతట తాను చెబితేనే ప్రజలకు తెలుస్తుంది.